సోలో మాస్టరూ, నా రెండు కార్డులూ

ఆ రోజుల్లో నాకొక వెర్రి నమ్మకం ఉండేది: జుట్టు భుజాల దాకా పెరిగితే గిటారు దానంతటదే వచ్చేస్తుందని. ఇప్పుడు ఆ జుట్టూ లేదు, ఆ నమ్మకమూ లేదు. రెండూ జంటగానే రాలిపోయాయి. నటేశన్ నగర్‌లో పొద్దున్నే సుప్రభాతంతో నిద్ర లేచే ఇంట్లో పుట్టినవాడికి, మా నాయన నిక్కర్లు తొడుక్కునే కాలంలో ఎక్కడో చలిదేశాల వాళ్ళు గొంతు చించుకున్న రాక్ పాటలు ఎందుకు కావలసి వచ్చాయంటారా? మా ఊళ్ళో ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న వైట్ టౌన్ గాలి సోకిందనుకోండి. ఆ వీధుల్లో తెల్లవాళ్ళు ఖద్దరు లాల్చీలు తొడుక్కుని, చెప్పులు లేకుండా, వీణ మోసుకుంటూ పాఠానికి వెళ్ళేవాళ్ళు. నేను మే నెల ఎండలో నల్ల తోలు కోటు (నిజం చెప్పాలంటే రెక్సిన్) తొడుక్కుని, గిటారు మోసుకుంటూ ఎదురుపడేవాణ్ణి. ఒకరినొకరు జాలిగా చూసుకుని తప్పుకునేవాళ్ళం.

మా గురువుగారిని అందరూ సోలో మాస్టర్ అనేవారు. ఒక గెస్ట్‌హౌస్ మిద్దె మీద ఆయన పాఠం. ఇంట్లో తెలుగే మాట్లాడే మనవాడే అయినా, భుజాల దాకా జుట్టు విరబోసుకుని గిటారు తగిలించుకోగానే ఆయన నడకా భాషా మారిపోయేవి. "నోట్సు గీట్సు ఎవుడైనా నేర్చుకుంటాడు తంబీ. ఫీల్ కావాల, ఫీల్!" అని కళ్ళు మూసుకునేవాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడంటే సోలో మొదలైనట్టే. సోలో అంటే, పాట మధ్యలో పాడేవాడి నోరు మూయించి గిటారు ఒక్కటే ఊరేగే ఘట్టం. ఆయన ఊరేగుతున్నంతసేపూ శిష్యులం వెనక రెండు కార్డులు (అంటే కొన్ని తీగలు ఒక్కసారే నొక్కి మీటే స్వరాల గుత్తులు) మార్చి మార్చి వాయిస్తూ పల్లకీ మోయాలి. ఆ బోయీ పనిలో నేను ఆరితేరాను. నా వంతు ఎప్పుడు మాస్టర్ అని అడిగితే, "నీలో బాధ ఇంకా పండలేదు తంబీ" అనేవాడు. వేలికొనలు బొబ్బలెక్కి, సాంబారన్నం కలుపుకోలేక స్పూనుతో తింటున్నవాడిలో ఇంకే బాధ పండాలో నాకు అంతుపట్టేది కాదు. రాక్ ఎంతకీ రాక, వదిలి పోక, అలా వేలాడుతుండేవాణ్ణి.

"ఏందిరా అది, పెనం గీకినట్టు ఉండాది?" అంది అవ్వ ఒకరోజు.

"కార్డు అవ్వా."

"ఏం కార్డు? రేషన్‌దా?"

"రేషన్‌దైతే బియ్యమన్నా వచ్చుండు" అన్నాడు నాయన పేపరు చాటు నుంచి. తర్వాత పేపరు దించి తీర్పు చెప్పాడు. "మీ మామ కూతురి రిసెప్షన్ వస్తా ఉండాది గదా. అందరి ముందర ఒక్క ముక్క, నువ్వు తనిగా, ఒక్కడివే వాయించి చూపించు. లేకుంటే ఆ డబ్బా అటకెక్కి పోతాది. మళ్ళా నన్ను అడగొద్దు." మా నాయన తీర్పుకు పైకోర్టు లేదు.

మాస్టర్ కాళ్ళావేళ్ళా పడ్డాను. వేదిక అన్న మాట వినగానే ఆయన కరిగిపోయాడు. "బ్యాండ్ మొత్తం వస్తాం తంబీ. సోలో నీదే, పో!" అన్నాడు. ఆ రోజు నుంచి ఆఫీసు వదలగానే మేం వాయించబోయే పాట వీడియో ఫోన్లో పెట్టుకుని అందులోని సోలోని ఒక్కో స్వరమే ఏరుకుంటూ నేర్చుకున్నాను. చివరికి అవ్వ కూడా కూరగాయలు తరుగుతూ దాన్ని కూనిరాగం తీసింది. అంతకంటే పెద్ద పట్టా ఏముంటుంది?

మా వైపు పెళ్ళికి ముందు సాయంత్రమే రిసెప్షన్. అరియాంకుప్పంలో కళ్యాణ మండపం. మేం వేదికెక్కేసరికి మేళం వాళ్ళను మధ్యలో ఆపించి ఒక మూల కూర్చోబెట్టారు. నాదస్వరం పెద్దాయన మా స్పీకర్లను చూస్తూ ముఖం ముడుచుకున్నాడు. పాట మొదలైంది. సోలో దగ్గర పడింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను.

మాస్టర్ కళ్ళు మూసుకున్నాడు.

"మాస్టర్, నాది! నాది!" అన్నాను పళ్ళ మధ్య నుంచి.

"ఫీల్ వచ్చేసింది తంబీ. ఆపలేను" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

ఊరేగింపు సాగుతూనే ఉంది. నా సోలో రావలసిన చోటు దాటిపోయింది, దాని తర్వాత చరణం పోయింది, ఆయన మాత్రం ఎక్కడో సముద్రాలు దాటుతున్నాడు. "ఆ జుట్టాయన బలే వాయిస్తాడే. మనోడేంది, ఒకే చోట గోక్కుంటా ఉండాడు?" అంది ముందు వరుసలో అత్త. పక్కనే నాయన చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు.

అప్పుడు నా చూపు మేళం మీద పడింది. పెళ్ళిలో తాళి కట్టే క్షణాన పురోహితుడు చెయ్యెత్తి వేలు ఊపుతూ "గట్టిమేళం!" అంటాడు గదా. ఏ తుమ్మూ ఏ అపశకునపు మాటా చెవిన పడకుండా, వాయిస్తున్నది వదిలేసి మేళం ఒక్కసారిగా విరుచుకుపడాలి. ఆ వేలు కనబడితే ఎందుకు, ఏమిటి అని అడిగే అలవాటు ఏ మేళగాడికీ లేదు. నా రెండు కార్డుల మధ్య చెయ్యెత్తేంత తీరిక ఎలాగూ ఉంది. ఎత్తాను. వేలు ఊపాను. "గట్టిమేళం! గట్టిమేళం!"

పెద్దాయన ముఖం వెలిగింది. డోలు పిడుగులా పడింది, నాదస్వరాలు రెండూ మాస్టర్ చెవి పక్కనే లేచాయి. జనమంతా అలవాటుకొద్దీ లేచి నిలబడ్డారు. చేతిలో అక్షింతలు లేక, ఉన్న కారాబూందీనే విసిరారు. పెళ్ళికొడుకు కంగారుగా తాళి కోసం జేబులు తడుముకున్నాడు. మాస్టర్ కళ్ళు తెరిచాడు. ఆయన సోలో మధ్యలో కళ్ళు తెరవడం నేను చూసింది అదొక్కసారే. గిటారు మీద చేతులాపి, జుట్టులో బూందీతో, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

ఆ హోరు చాటున నేను ముందుకు వెళ్ళి నా సోలో మొదటి నుంచి చివరి దాకా వాయించేశాను. ఎవరికీ వినపడలేదు. నాకూ వినపడలేదు. "వేళ్ళు బాగానే ఆడినాయిరా" అన్నాడు నాయన భోజనాల దగ్గర. గిటారు అటకెక్కలేదు. తర్వాత ఎన్నో చోట్ల వాయించాను, అందరికీ వినపడేలాగే. కానీ అంత అందంగా మళ్ళీ ఎప్పుడూ వాయించలేదనే అనిపిస్తుంది.