వీసా మీద పచ్చసిరా సంతకం

నా వీసా చూడగానే దుబాయి విమానాశ్రయంలో అధికారి లేచి నిలబడ్డాడని పాల్వంచ అంతా చెప్పుకున్నాను. లేచిన మాట నిజమే. నన్నూ మా ఆవిడనూ వరుసలోంచి పక్కకు లాగడానికి లేచాడు.

ఆ వీసాలను విమాన కంపెనీయే కంప్యూటర్లో తెప్పించింది. మీట నొక్కిన పుణ్యానికి టిక్కెట్టు కాక వేరే రుసుము గుంజింది. తీరా చేతికొచ్చినవి ముద్రా సంతకమూ లేని ఒట్టి కాగితాలు. అలాంటివాటిని మా వైపు ఏ ఆఫీసులోనూ ముట్టుకోరు. అందుకని భద్రాచలం పోయి, తెలిసిన గెజిటెడ్ అధికారి చేత రెండింటి మీదా పచ్చసిరా సంతకం, గుండ్రటి ముద్ర వేయించుకొచ్చాను. ఆ ముద్ర సరిగ్గా వీసా నంబరు మీదే పడింది.

"ఈ పచ్చరాత ఎవరిది? వచ్చిన విమానంలోనే వెనక్కి పంపిస్తా" అన్నాడు అధికారి హిందీలో.

"మా పెద్దాఫీసరుది సాబ్. నికార్సైన మనిషి" అన్నాను.

బయట మా ఆవిడ తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. అతణ్ని చూసి ఆమెకు ఏళ్లయింది. చివరికి అధికారి మా పాస్‌పోర్టు నంబర్లు కంప్యూటర్లో కొట్టి చూసి వదిలాడు.

"ఎంతైనా గెజిటెడ్ సంతకం! దుబాయి కూడా తలొంచింది" అని మొన్న చుట్టాలకు చెబుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి అందుకుంది.

"ఏం తలొంచింది? తమ్ముణ్ని చూడకుండ పోనని నేను నేల మీద కూసొని ఏడ్సిన. గా ఏడ్పు చూసి వదిలిండు. గీయన సంతకాన్ని నమ్ముకుంటే గా విమానంలనే ఎనక్కొస్తుంటిమి."