కంపనల్లంచి పెండ్లాం

నల్లపిట్ట ఒకటి కాదు, రెండు రకాలని వాదించి గెలిచిన పాపానికి నేను కాలేజీ గడప తొక్కకుండానే ఉండిపోయేదాన్ని. వాదించి గెలిచి నష్టపోవడం నాకు కొత్త కాదు గానీ, పిట్టల పుణ్యమా అని నష్టపోబోయింది మాత్రం అదొక్కసారే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది వేముల పక్కన చిన్న పల్లె. ఇంట్లో ఎవరు ఎక్కడికి పోవాలన్నా మా మేనమామ శకునం చూడాల్సిందే. ప్రొద్దుటూరులో బట్టలు కొనాలన్నా, జమ్మలమడుగులో ఎవరికైనా సంబంధం మాట్లాడాలన్నా, ముందు గడప దాటి చేను కంచె వైపు చూసేవాడు. కంప మీద నల్లపిట్ట ఉంటే పని అయినట్టే. మా గట్ల మీద రాళ్లకన్నా నల్లపిట్టలే ఎక్కువ కాబట్టి ఏ ప్రయాణమూ ఆగేది కాదు. ఫలించిన శకునాలు ఆయనకు గుర్తుండేవి, ఫలించనివి మరిచిపోయేవాడు. అందరికీ సుఖంగా ఉండేది.

నేను నోరు మూసుకుని ఉంటే ఆ సుఖం అలాగే సాగేది.

సెలవుల్లో జొన్నచేలో మంచె ఎక్కి పిచ్చుకలను తోలడం నా పని. పిచ్చుకలు లేనప్పుడు మిగతా పిట్టలను చూసేదాన్ని. మామ నల్లపిట్ట అనేది నిజానికి నల్లంచి, కంపనల్లంచి అని రెండు. రెండూ నలుపే, రెండింటికీ రెక్క మీద సున్నం గీసినట్టు తెల్లచార. కానీ నల్లంచి రాళ్ల మీదా నేల మీదా గంతులేస్తూ తోకను వీపు మీదికి నిక్కిస్తుంది. అప్పుడు తోక కింద ఇటుకరంగు ఎరుపు కనిపిస్తుంది. కంపనల్లంచికి అంత టెక్కు లేదు. కంప కొసన కూర్చుంటుంది, పురుగు కనబడితే దిగి పట్టుకుని మళ్లీ ఆ కొసకే వస్తుంది. ఎగిరినప్పుడు తోక మొదట్లో తెలుపు మెరుస్తుంది. కాబట్టి ముఖం చూసి లాభం లేదు, వెనక్కి తిరిగేదాకా ఆగాలి. మా బంధువుల్లో చాలామందిని నేను ఈ పద్ధతిలోనే గుర్తుపట్టాను.

"నల్లగుండాది, ఎగుర్తాండాది. ఇంకేంది మే నీ గొడవ?" అనేవాడు మామ. రెండేళ్లు వాదించాను. చివరికి ఒకరోజు చెయ్యి పట్టుకుని చేలోకి లాక్కుపోయి, ఒకే గట్టు మీద రెండింటినీ దగ్గర నుంచి చూపించాను. ఆయన కండ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

"ఔ మే. రెండే!"

ఆ గెలుపు సంతోషం రాత్రి సంగటి ముద్ద దాకా నిలిచింది. ముద్ద మధ్యలో మామ కొత్త చట్టం ప్రకటించాడు. "ఎర్రతోకదానికి కుంకుమ ఉండాది, అది మంచిది. తెల్లతోకదానికి కుంకుమ లేదు. అది కనబడితే కాలు బయట పెట్టగూడదు."

మా అత్త నా వైపు చూసి, "సంతోషమేనా?" అంది.

తర్వాత ఎస్సెల్సీ పాసయ్యాను. అనంతపురం కాలేజీలో సీటు వచ్చింది. అక్కడికి దారి తెలిసిన మగవాడు ఇంట్లో మామ ఒక్కడే. మొదటిరోజు బయలుదేరితే కంప మీద తెల్లతోక, వెనక్కి. రెండోరోజూ అంతే. మూడోరోజు చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పోయిందంటే ఆ ఏటికే కాదు, పూర్తిగా పోయినట్టే. నాకు సంబంధాలు చూడటానికి ఊరంతా సిద్ధంగా ఉంది.

ఆ పొద్దున బస్సు వచ్చి ఆగింది. మామ మెట్టు మీద ఒక కాలు పెట్టి కంచె వైపు తిరిగాడు. కంప కొసన నల్లపిట్ట. మెట్టు మీది నుంచి ఆయనకు నలుపు ఆనింది గానీ తోక ఆనలేదు.

"ఏం పిట్ట మే అది?"

నల్లంచి అంటే అయిపోయేది. కానీ రెండేళ్లు గొంతు చించుకుని సంపాదించుకున్న తేడాను నా నోటితో నేనే చెరిపెయ్యాలా?

"కంపనల్లంచి," అన్నాను.

మామ కాలు దింపాడు.

డ్రైవర్ సాయిబు తల బయట పెట్టి, "ఏం మామా, నువ్వెక్కుతావా, పిట్టను ఎక్కించుకోమంటావా?" అన్నాడు.

సంగతి తెలిసేసరికి బస్సులో వాళ్లందరూ కంచె వైపు కిటికీలకు చేరారు. "తోక ఎర్రగుండాది కదప్పా!" అని ఒకడు. "నీ కండ్లు కాలిపోను, తెల్లగుండాది చూడు!" అని ఇంకొకడు. బస్సు రెండు పార్టీలైంది. సాయిబు ఇంజను ఆపి కిందికి దిగాడు. ఇంతలో మేము మరిచిపోయిన సద్దిమూట పట్టుకుని మా అత్త రొప్పుతూ వచ్చింది.

నేను మళ్లీ చూశాను. కొసన మగపిట్ట. దాని కింద, కంప మధ్యలో, మట్టిరంగు పిట్ట ఇంకొకటి. అది ఎగిరి పక్క కొమ్మకు మారినప్పుడు తోక మొదట్లో తుప్పురంగు ఎరుపు కనిపించింది.

"ఇద్దరూ నిజమే చెప్తాండారు," అని అరిచాను. "తెల్లనిది మొగుడు. ఎర్రనిది దాని పెండ్లాం."

"పెండ్లామని నీకెట్ల తెలుసు? తాళి చూసినావా?" అన్నాడు మామ.

"ఇద్దరూ నోట్లో పురుగులు పెట్టుకోని ఒకే కంపలోకి దూర్తాండారు. ఇంకేం కావల్ల, శుభలేఖా?"

"అయితే మాత్రం? ముందు కనబడింది మొగుడు కదా."

"మామా, మొగుడు పక్కనుండంగ, కుంకుమతో ఎదురొచ్చే ఆడదాన్ని ఏమంటారు?"

మామకు జవాబు తెలుసు, అదే కష్టం. సద్దిమూట ఆయన చేతిలో కుక్కి అత్త చెప్పింది.

"ముత్తైదువ అంటారు. ఎక్కు."

"ముత్తైదువ ఎదురొచ్చినాక నిలబడితే బస్సుకు మంచిది కాదు మామా," అని సాయిబు ఇంజను వేశాడు.

సాయంత్రానికి నా పేరు కాలేజీ రిజిస్టరులో ఎక్కింది. దారిలో కదిరి దగ్గర మామ, ఆడపిట్టకు రెక్క మీద చార ఉంటుందా అని అడిగాడు. ఉండదన్నాను. తల ఊపాడు.

దసరా సెలవులకు ఇంటికి వస్తే అత్త చెప్పింది. చట్టంలో ఇంకో ముక్క చేరిందట. తెల్లతోక కనబడితే వెనక్కి రాకూడదు, దాని పెండ్లాం వచ్చేదాకా అక్కడే నిలబడాలి. అలా నిలబడి మామ ప్రొద్దుటూరు బస్సులు చాలా పోగొట్టుకున్నాడు. ఒకరోజు ఎంతసేపటికీ అది రాకపోయేసరికి, ఇంట్లోకి వచ్చి అత్తను కొంచెం ఎదురు రమ్మని బతిమాలాడట.

"నాకు పొయ్యి మింద సంగటి ఉండాది," అందట అత్త. "పిట్ట పెండ్లాన్నే పిల్చుకో పో."