కొడుక్కి టేపెందుకు?

బెంగళూరు మడివాళ మార్కెట్టు వెనక సందులో టైలర్ ఆవులప్పను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. మిషను తిరిగినంతసేపే ఆయన కూర్చోవడం. అది ఆగిందంటే మనిషి లేచినట్టే. అంగడి మెట్టు మీదికొచ్చి సందు అటూ ఇటూ చూస్తాడు. ఎదురు హోటల్లో సగం టీ తాగి మిగతాది వదిలేస్తాడు. తిరిగొచ్చి కత్తెర ఎక్కడ పెట్టావని భార్య మీద విసుక్కుంటాడు. కత్తెర ఆయన చేతిలోనే ఉంటుంది. మూల స్టూలు మీద కాజాలు కుట్టుకునే మునిలక్ష్మి ఆ మాట చెప్పదు. చెబితే ఇంకో వంక వెతుకుతాడని ఆమెకు తెలుసు.

ఆ వారం మాత్రం ఆయన మరీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కారణం వియత్నాం.

కొడుకు హేమంత్‌కుమార్‌కు పెళ్లి కుదిరింది. అమ్మాయి పేరు శ్రుతి, కె.ఆర్.పురం వాళ్లు. పెళ్లికి ముందు స్నేహితులతో ఎక్కడికైనా వెళ్లిరాకపోతే తాళి కట్టనివ్వరేమో అన్నంత పట్టుదల ఈ కాలం కుర్రాళ్లది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాడి ఆఫీసు మిత్రులంతా కలిసి హోయాన్ అనే ఊరికి టికెట్లు తీసుకున్నారు. నది ఒడ్డున ఎప్పటిదో పాత రేవు ఊరట. బయల్దేరే ముందు అంగడికొచ్చి, అక్కడ ఏమేం చేయబోతున్నాడో తల్లికి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. పసుపు గోడల ఇళ్ల మధ్య నడుస్తారట. జపాను వర్తకులు కట్టిన పైకప్పు వంతెన దాటుతారట. నీళ్లలో పెరిగే కొబ్బరి తోపులో గుండ్రటి పుట్టి ఎక్కితే పడవవాడు గిరగిరా తిప్పేస్తాడట. సాయంత్రం కాగితపు దీపాలు వెలిగించి నదిలో వదులుతారట.

"అన్నిటికంటే ముందు ఆ ఊర్లో సూటు కుట్టించుకోవాలమ్మా," అన్నాడు. "పోయొచ్చినోళ్లంతా అదే చెప్తాండారు. యాడ చూసినా టైలర్లేనంట. ఈ రోజు కొలతలిస్తే రేపటికి చేతికిస్తారంట. రిసెప్షన్‌కి ఆడే కుట్టించేసుకుంటా."

మిషను ఆగింది.

"రిసెప్షన్‌కి గుడ్డ తెచ్చి పెట్టినా కదరా," అన్నాడు ఆవులప్ప.

"తెచ్చినావు నాయనా. నిశ్చితార్థం అయిన వారానికే తెచ్చినావు. ఆ పై అరలో నుంచి దిగిందా అది?" వాడి గొంతులో కోపం లేదు. ఆవులప్పకు అదే ఎక్కువగా గుచ్చుకుంది. "ఇది పెండ్లిండ్ల సీజను. నీకు యాడ టైముండాది? నీ పని తగ్గిస్తాండా, అంతే."

వాడు వెళ్లిపోయాక ఆవులప్ప పై అర వంక చూశాడు. చిక్కపేటలో మూడు అంగళ్లు తిరిగి ఏరి తెచ్చిన ముదురు నీలం గుడ్డ, చుట్టిన కాగితం కూడా విప్పకుండా అక్కడే ఉంది. దాని మీద వేరేవాళ్ల ప్యాంట్లు పెట్టి ఉన్నాయి.

వాడన్న మాటలో అబద్ధం ఏమైనా ఉంటే ఆయన గట్టిగా అరిచి ఉండేవాడు, మనసు తేలికపడేది. అబద్ధం లేదు. అదే వచ్చిన చిక్కు.

ఆవులప్పది శ్రీనివాసపురం పక్కన పల్లె. మీసం రాకముందే బెంగళూరు వచ్చి పాత పేటలో ఒక సూట్ల అంగడిలో చేరాడు. అక్కడ ఏళ్ల తరబడి కాజాలు తప్ప ఇంకేమీ కుట్టనివ్వలేదు. తర్వాత ప్యాంటు, ఆ తర్వాత కోటు, అన్నిటికంటే ఆఖరున కోటు భుజం. భుజం కూర్చోబెట్టడం వచ్చిన రోజే సొంత అంగడి కలగన్నాడు. మడివాళలో అద్దెకు ఈ గది పట్టి, పెళ్లికొడుకులకూ, పి.జి.ల్లో ఉండి ఉద్యోగాలు వెతుక్కునే కుర్రాళ్లకూ కుట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆయన కుట్టిన కోటు వేసుకుంటే ఉద్యోగం వస్తుందని కుర్రాళ్లలో ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆయన ఎప్పుడూ కాదనలేదు.

ఇక ఇంటి సంగతి. టైలరింట్లో అందరికంటే ఆఖరున కొత్త బట్టలు కట్టేది టైలరు పిల్లలే. ఉగాది వచ్చిందంటే ఊరందరి చొక్కాలూ తెమలాలి, తర్వాతే హేమంతుది. ఒక ఉగాదికి పిల్లలంతా కొత్త బట్టల్లో సందు పొడుగునా తిరుగుతుంటే వాడు పాత నిక్కరుతో ఈ మెట్టు మీదే కూర్చుని, లోపల మిషను చప్పుడు వింటూ పొద్దు గూకేదాకా కాచుకున్నాడు. "నాది ఎప్పుడు నాయనా?" అని వాడు అడగడం, "రేపు" అని ఈయన అనడం ఆ ఇంట్లో అలవాటు. పెద్దయ్యాక వాడు అడగడం మానేశాడు. మాల్‌కు వెళ్లి కొనుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పుడు కూడా ఆవులప్ప, పోనీ నాకు పని తగ్గింది అనుకున్నాడు, ఇప్పుడు వాడు అంటున్నట్టే.

ఈ పెళ్లికైనా వాడి ఒంటి మీద తన చేతి కోటు ఉండాలి. అంతకంటే ఆయన కోరుకున్నది ఏమీ లేదు. ఇప్పుడు అదీ చేజారేట్టుంది.

"వాడొచ్చే లోపల కుట్టేస్తా," అన్నాడు మర్నాడు పొద్దున్నే, ప్యాంట్లు పక్కకు నెట్టి గుడ్డ దించుతూ.

"కొలతలు?" అంది మునిలక్ష్మి.

"నా కొడుక్కి టేపెందుకే? వాని ఒళ్లు నాకు తెలీదా?"

ఆమె సూదిలో కొత్త దారం ఎక్కించుకుంది. చిన్నప్పటి నుంచీ ఆయన వరస అదే. ఊళ్లోవాళ్లకు టేపు, కొత్తవాళ్లు తెస్తే ఆది చొక్కా, కొడుక్కి మాత్రం వీపు మీద అరచెయ్యి ఒకసారి పరిచి చూసి కత్తెర పట్టుకోవడం. అప్పట్లో సరిపోయేవి కూడా.

గుడ్డ దించాడన్న మాటే గానీ కత్తెర ఆడలేదు. ఎవరో ఒకరు వచ్చి బ్లేజరు అయిందా అని అడగడం, ఆయన దాన్ని ముందేసుకోవడం. ఆపై మెట్టు, టీ, మళ్లీ మెట్టు. ఇంతలో ఫోన్లో ఫొటోలు దిగుతూనే ఉన్నాయి. పసుపు గోడ ముందు హేమంతు. వంతెన మీద హేమంతు. పుట్టిలో హేమంతు, టోపీ ఎగిరిపోతుంటే పట్టుకుంటూ, నోరంతా తెరిచి నవ్వుతూ. మునిలక్ష్మి ప్రతి ఫొటోనూ వేళ్లతో పెద్దది చేసి కొడుకు ముఖం చూసుకుంది. ఆవులప్ప మాత్రం ఫొటోల్లో వెనక కనిపించే అంగళ్ల బోర్డులు చూశాడు. ఆ అక్షరాలు చదవడం రాదు, అయినా అద్దాల వెనక నిలబెట్టిన కోట్లు కనిపిస్తే వాటి భుజాల దగ్గరే చూపు ఆగేది.

మర్నాడు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది.

"నాయనా, చూడు! నీకు చూపిద్దామనే చేసినా," అన్నాడు హేమంతు. స్నేహితుడెవరో ఫోను పట్టుకున్నాడు. చిన్న అంగడి, తలుపులోంచి నది, కట్టేసిన పడవలు. ఒక నడివయసు ఆడమనిషి మెడలో టేపు వేసుకుని వాడి చుట్టూ తిరుగుతోంది. మెడ కొలిచింది. రెండు భుజాలనూ వేరువేరుగా కొలిచింది. చంక కింద టేపు తిప్పి, లోపల రెండు వేళ్లు దూర్చి వదులు చూసింది. మణికట్లు రెండూ కొలిచింది. వాడి గడ్డం పట్టుకుని తిన్నగా నిలబెట్టి, వీపు మీద చెయ్యి వేసి మళ్లీ కొలిచింది. వాడు బుద్ధిగా చేతులు చాపి నిలబడ్డాడు.

ఆమెకు పని వచ్చని ఆవులప్పకు క్షణంలో తెలిసిపోయింది. వంక పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఫోను ముక్కు దగ్గరికి లాక్కున్నాడు. దొరకలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి తన కొడుకు వీపు మీద చెయ్యి వేస్తే తనకెందుకింత కడుపుమంటో ఆయనకే అర్థం కాలేదు.

"బాగుండాది," అన్నాడు పొడిగా. "గిరాకీలొచ్చినారు, పెట్టేస్తాండా." అంగడిలో ఒక్క గిరాకీ కూడా లేడు.

ఫోను పెట్టేసిన చేత్తోనే కత్తెర తీశాడు. సుద్దతో గీతలు గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. కళ్లు మూసుకుని కొడుకును తలుచుకున్నాడు. సన్నటి మెడ, కిందికి జారిన చిన్న భుజాలు. గీతల మీదుగా కత్తెర ఆపకుండా నడిపాడు. ఆ రోజూ మర్నాడూ అన్నం కూడా నిలబడే తిన్నాడు. సూది రెండుసార్లు విరిగింది. మునిలక్ష్మి వేలు నొప్పెడుతున్నా కాజాలన్నీ చేత్తోనే కుట్టింది. ఇస్త్రీ పెట్టి కోటు తగిలించేసరికి, ఆయనకే ఒకసారి సంతోషం వేసి, ఇంత బాగా ఈ మధ్య ఎవరికీ కుట్టలేదనుకున్నాడు.

హేమంతు వచ్చిన పొద్దున తిన్నగా అంగడికే వచ్చాడు. తల్లికి పట్టు దీపపు బుట్ట తెచ్చాడు, రంగురంగులది. చేతిలో ఇంకో పొడుగాటి సంచి ఉంది. గోడకున్న నీలం కోటు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కుట్టేసినావా?" అన్నాడు నమ్మలేనట్టు. "నాకేనా?"

"ఇంకెవరికిరా? తొడుగు."

తొడిగాడు. బొత్తాం పెట్టాడు. మునిలక్ష్మి ముఖం ముందు వెలిగి, తర్వాత నెమ్మదిగా మారింది. ఆవులప్ప అన్నీ చూశాడు. భుజాల దగ్గర గుడ్డ లాగుతోంది. చేతులు మణికట్టుకు పైనే ఆగిపోయాయి. వీపు మీద అడ్డంగా మడతలు.

"సరిపోయింది నాయనా," అన్నాడు హేమంతు ఊపిరి బిగబట్టి.

"చేతులెత్తు."

"సరిపోయిందంటాండా కదా."

"ఎత్తరా!"

ఎత్తాడు. చంక దగ్గర కుట్టు పుటుక్కుమంది.

ఆవులప్పకు తల కొట్టేసినట్టయింది. తను కోటు కుట్టింది ఈ మనిషికి కాదు. కాలేజీలో చేరిన కొత్తలో గుమ్మంలోంచి వచ్చిపోతూ కనిపించిన కుర్రాడికి. వాడు ఎప్పుడు ఇంత వెడల్పయ్యాడో, ఏ ఏడు వాడి చేతులు సాగాయో తన కంట్లోనే పడలేదు. ఒకే ఇంట్లో ఉన్నారు.

"అది కూడా తొడుగు," అన్నాడు సంచి వైపు చూపిస్తూ.

"వద్దులే నాయనా."

"తొడగమంటాండా."

హోయాన్ కోటు వాడి ఒంటి మీద చక్కగా కూర్చుంది. ఆవులప్ప చుట్టూ తిరిగాడు. కాలరు కింద వేలు పెట్టాడు. విప్పించి, తిరగేసి, లోపలి కుట్లన్నీ వెలుతురుకు పట్టి చూశాడు. మునిలక్ష్మి వద్దన్నట్టు తల ఊపినా ఆగలేదు.

"మంచి పని," అన్నాడు చివరికి. "రిసెప్షన్‌కి ఇదే వేసుకో."

"లేదు. నేను నీదే వేసుకుంటా. చంక కుట్టేసివ్వు, చేతులు ఎత్తకుండా ఉంటా."

"అట్ల ఎవర్నీ నా అంగట్లో నుంచి పంపలేదురా, పంపను."

హేమంతు స్టూలు మీద కూలబడ్డాడు. "నాయనా, ఒకటి చెప్పేదా? బేజారు పడద్దు. ఆడ ఆమె నన్ను కొలుస్తాంటే నాకు శానా బాగుండింది. ఇంతమందిని నువ్వు కొలిచేది చూస్తా ఈ మెట్టు మీదే పెరిగినా. నిలబడు, తిన్నగా చూడు, ఊపిరి వదులు అంటావే వాండ్లతో, ఆ మాట నాతో ఒక్కసారన్నా అంటావేమోనని చూస్తా ఉంటి. నేను నీకు పనే కాలేదు ఎప్పుడూ."

ఆవులప్ప మెట్టు దాకా వెళ్లాడు. సందు అటు చూశాడు, ఇటు చూశాడు. హోటలువాడు టీ గ్లాసు ఎత్తి చూపించాడు. ఆయన కదల్లేదు. వారం నుంచీ, కాదు, ఎన్నో ఏళ్లనుంచీ ఈ మెట్టు మీదికి ఎందుకొస్తున్నాడో, ఎవరి కోసం చూస్తున్నాడో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. వాడు ఇక్కడే, ఆయన వెనకే కూర్చుని ఉన్నాడు.

తిరిగొచ్చి మెడలోంచి టేపు తీశాడు.

"లెయ్," అన్నాడు. "నిలబడు. తిన్నగా చూడు."

హేమంతు లేచాడు. ఆవులప్ప మెడతో మొదలుపెట్టాడు. ఒక్కో కొలతా పైకి చెప్పాడు. మునిలక్ష్మి కాజాలు పక్కన పెట్టి, పాత క్యాలెండరు కాగితం మీద పెన్సిలుతో రాసుకుంది. కుడి భుజం ఎడమ దానికంటే కొంచెం కిందికి ఉంది. రోజంతా ఒకే చేతి మీద వాలి పనిచేసేవాళ్లకు అలా అవుతుంది. ఆవులప్పకూ అంతే. కొడుక్కి లాప్‌టాప్ వల్లేమో. ఆయన ఆ భుజం మీద చెయ్యి వేసి, కొలిచాక కూడా తియ్యలేదు.

"గుడ్డ?" అంది మునిలక్ష్మి మెల్లగా. "అదంతా అయిపోయిందే."

"చిక్కపేట యాడికన్నా పోయిందా? వీడూ నేనూ ఇప్పుడే పోతాం. ఊపిరి వదులురా."

అప్పుడే వెంకటరాయప్ప గుమ్మంలోకొచ్చాడు. అంగడికి పాత గిరాకీ. కూతురి పెళ్లికి కోటు కుట్టమని ఇచ్చాడు, ఈ రోజుకని మాట. ఆవులప్ప జీవితంలో ఆయనకు మాట తప్పింది లేదు. కోటు ఇంకా కచ్చా కుట్లతో గోడకు వేలాడుతోంది.

"అయిందా అప్పా?"

"రేపు రాప్పా," అన్నాడు ఆవులప్ప, తల తిప్పకుండా.

"ఈ రోజిస్తానంటివే!"

"అంటి. ఇంట్లో పని ఉండాది. రేపు."

వెంకటరాయప్ప గొణుక్కుంటూ మెట్టు దిగి వెళ్లిపోయాడు. హేమంతు చాపిన చేతులు కాస్త దిగాయి. వాడు తల పక్కకు తిప్పి, చొక్కా భుజానికి కళ్లు తుడుచుకోబోయాడు.

"చేతులు దించద్దు," అన్నాడు ఆవులప్ప. "ఇంకా కాలేదు."