గడప దగ్గర ఆరో పేరు

దయ్యాల కథలు నేను చెప్పినన్ని సికింద్రాబాద్‌లో ఇంకెవరూ చెప్పి ఉండరు. వాటిలో ఒక్కదాన్నీ నేను నమ్మలేదు. ఎలా నమ్ముతాను? అన్నీ నా షాపులో కూర్చుని అప్పటికప్పుడు అల్లినవే. స్టేషన్ దగ్గర నాకు బ్యాగుల షాపు ఉంది. జిప్పు తెగిన బ్యాగుతో రైలు అందుకోవాల్సినవాళ్లు రొప్పుకుంటూ వస్తారు. జిప్పు మార్చేదాకా వాళ్ల కంగారు తగ్గాలి కదా, ఏదో ఒకటి చెబుతుంటాను.

కాబట్టి ఇది కూడా అలాంటిదే అనుకునే హక్కు మీకుంది. మా ఇంట్లోవాళ్లూ అదే అంటున్నారు. కాకపోతే అప్పుడు వాళ్లు నా పక్కనే ఉన్నారు.

ముందు యాదగిరి గురించి చెప్పాలి. యాదగిరి నా చిన్ననాటి దోస్తు. బొల్లారంలో మిలిటరీ గుర్రాన్ని రెండు వేళ్ల ఈలతో ఆపినవాడు. ఆ ఈల కూడా మామూలుది కాదు, పొడుగ్గా సాగి చివర కత్తిరించినట్టు తెగిపోయేది. మా అమ్మాయి శ్రావణి అతని కథలు వింటూనే అన్నం తిని పెరిగింది. యాదగిరి మామ అనేది. అసలు సంగతి ఏమిటంటే, అలాంటి మనిషి లేడు. అతన్ని పూర్తిగా నేనే పుట్టించాను.

పోయినేడు వానాకాలం మొదట్లో అందరం బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి వెళ్లాం. నేను, నా భార్య సునీత, శ్రావణి, మా అమ్మ, నా బామ్మర్ది శ్రీను. బండి శ్రీనుదే, వెనక ఇంకో వరుస సీట్లున్న పెద్ద బండి. చేపల వేపుడు తిన్నాం, సరుగుడు చెట్ల కింద పడుకున్నాం, అలల్లో ఆడాం. షాపు తాళం తీయని రోజులు నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ గడవలేదు.

చివరి రోజు పొద్దున శ్రావణి నా పక్కన ఇసుకలో కూర్చుంది.

"కాలేజ్‌ల యాదగిరి మామ ముచ్చట చెప్పిన నాన్న. అందరు నవ్విండ్రు. మస్తు ఇజ్జత్ పోయింది. అసల్ ఉన్నడా ఆయన?"

ఉన్నాడన్నాను.

"నా మీద ఒట్టేస్తవా?"

నేను సముద్రం వైపు చూశాను.

"ఇప్పటిదంక ఒక్కటన్న నిజం చెప్పినవా నాన్న, నాకు?" అని లేచి వెళ్లిపోయింది. కోపంగా అన్నా బాగుండేది. అలసిపోయినట్టు అంది.

మా అమ్మకు ఒక పట్టింపు ఉంది. నీళ్ల దగ్గరికి పోతే తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి, "ఇంటికి పోదాం రా" అని. లేకపోతే మనిషి వచ్చినా మనసు నీళ్ల దగ్గరే ఉండిపోతుందట. ఇంటికొచ్చాక గడప ముందు మళ్లీ పిలవాలి, అప్పుడే లోపలికి అడుగు పెట్టాలి. ఆ రోజు ఆమెకు మోకాళ్ల నొప్పి. బండిలోంచే "నువ్వే పిలువు కొడుకా" అంది.

నేను ఒడ్డున నిలబడి అందరి పేర్లూ పిలిచాను, నా పేరుతో సహా. శ్రావణి మొహం ఇంకా ముడుచుకునే ఉంది. ఆమెను నవ్విద్దామని గొంతు పెంచి, "యాదగిరీ! నువ్వు గూడ రారా, ఇంటికి పోదాం!" అని అరిచాను.

శ్రావణి నవ్వలేదు. అమ్మ మాత్రం నా వైపు అదోలా చూసింది.

పిడుగురాళ్ల దాటాక భోజనానికి ఆగాం. హోటల్లో సర్వర్ ఆరు ఆకులు వేశాడు. మేం అయిదుగురమే అని శ్రీను చెప్పాడు.

"మీతో దిగినాయన ఏడండీ మరి? చెయ్యి కడుక్కుంటున్నాడనుకున్నా" అన్నాడు సర్వర్. కుళాయి వైపు చూసి, బుర్ర గోక్కుని, ఆకు తీసేశాడు. నాకు లోపల పండగే. షాపులో చెప్పుకోవడానికి మంచి ముక్క దొరికిందనుకున్నాను.

మిర్యాలగూడ దాటాక వాన పట్టుకుంది. ఆ వానలోనే టైరు పంచరైంది. స్టెప్నీ తీయాలంటే వెనకున్న సామాను దించాలి. డోర్ తీసి శ్రీను అక్కడే ఆగిపోయాడు. వెనక సీటు నిండా తను పేర్చిన బ్యాగులు ఒక పక్కకు జరిగి ఉన్నాయి. కిటికీ పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. ఆ జాగా మాత్రమే తడిసి ఉంది. అద్దాలన్నీ ఎక్కించే ఉన్నాయి. బ్యాగులు పొడిగా ఉన్నాయి. సీటు మీద చెయ్యి పెట్టి చూశాను. ఉప్పు వాసన.

"నువ్వు గిట్ల నీళ్లు పోసినవా బావా?" అన్నాడు శ్రీను. అతని గొంతులో వెటకారం లేదు.

అమ్మ మాత్రం తన తువ్వాలు తీసి సునీత చేతికిచ్చింది. "సీటు మీద పరువు బిడ్డా. తడి బట్టలతోటి ఎంతసేపని కూసుంటడు? వీడు పిలిస్తె వచ్చిండు పాపం."

సునీత దాన్ని సీటు మీద పరిచింది. అది నేను కళ్లారా చూశాను.

ఆడవాళ్లు ముగ్గురూ రోడ్డు దిగువన చెట్టు కింద నిలబడ్డారు. శ్రీను రోడ్డు వైపు కూర్చుని బోల్టులు విప్పుతున్నాడు. నేను అతని మీద గొడుగు పట్టుకున్నాను. అప్పుడు బండి లోపలి నుంచి ఈల వినిపించింది. పొడుగ్గా సాగి, చివర తెగిపోయింది.

ఇద్దరం ఉలిక్కిపడి బండి చుట్టూ అవతలికి పరుగెత్తాం. మరుక్షణం లారీ ఒకటి మేమున్న చోటు మీదుగా దూసుకుపోయింది. పరుగులో జారిపోయిన గొడుగు దాని కింద పడింది. ఊచలన్నీ వంకర్లు పోయి గుంటలో దొరికింది.

ఈల నేను ఒక్కణ్నే విన్నాననుకుంటే ఊరుకునేవాణ్ని. శ్రీను పరుగెత్తింది దేనికి? సునీత చెవులు మూసుకుంది. మా అమ్మ చెవికి మిషన్ పెట్టుకోకపోతే పక్కన బాంబు పేలినా తిరగదు. వానకు తడుస్తుందని తీసిన మిషన్ సంచిలో ఉంది. అయినా తల తిప్పి బండి వైపు చూసింది.

నల్గొండ దాటాక శ్రీను స్టీరింగ్ వదలకుండానే అన్నాడు: "జిందగీల ఇంకోపారి నిన్ను ఝూటా అనను బావా. అమ్మతోడు." శ్రావణి నా చెయ్యి పట్టుకుంది. "సారీ నాన్న" అంది. చాలా ఏళ్ల తర్వాత ఆ పిల్ల నన్ను నమ్మింది. నిజం చెబుతున్నాను, నాకు భయం కంటే సంతోషమే ఎక్కువైంది.

బోయిన్‌పల్లిలో మా ఫ్లాటు గడప ముందు అమ్మ అందరి పేర్లూ పిలిచింది. చివర నా వైపు తిరిగి, "నువ్వు పిల్చినోన్ని నువ్వే పిలువు" అంది. పిలిచాను. సునీత తలుపు పక్కకు జరిగి దారిచ్చింది.

తర్వాతి ఆదివారం బొల్లారంలో సునీత అన్న ఇంట్లో దావత్. అందరూ ఎప్పటిలాగే కొత్త ముచ్చట చెప్పమన్నారు. ఇది చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పాను. అందుకేనేమో సరిగ్గా చెప్పలేకపోయాను కూడా. చివర్లో, "కావాల్నంటె శ్రీనును అడుగుండ్రి" అన్నాను.

శ్రీను పకపకా నవ్వాడు. "బావ మళ్ల షురూ చేసిండు! పంచరైంది, వాన పడ్డది, గంతే."

సునీత వైపు చూశాను. "ఈయన సంగతి మీకెరుక లేదా" అని కూర గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. అమ్మ చెవి చూపించి, "నాకేం ఇనవడ్తది కొడుకా?" అంది. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. శ్రావణి ఫోన్‌లోంచి తలెత్తలేదు. "పరేషాన్ చెయ్యకు నాన్న" అంది, అంతే.

సరే, నలుగురిలో పరువు కోసం అన్నారేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక సునీతను విడిగా అడిగాను. "ఏ ఈల?" అంది. తువ్వాలు గుర్తుచేశాను. "సీటు నానిందని ఏసిన" అంది నా కళ్లలోకి సూటిగా చూస్తూ. అబద్ధం చెప్పేవాళ్ల కళ్లు నాకు బాగా తెలుసు, ఆ విద్యలో నాది అందెవేసిన చెయ్యి. ఆమె కళ్లలో ఏమీ దొరకలేదు. నెల తిరక్కుండా శ్రీను ఆ బండి అమ్మేశాడు. ఎందుకని అడిగితే మైలేజ్ ఇస్తలేదన్నాడు.

కొన్నాళ్లకు నా మీద నాకే అనుమానమొచ్చింది. ఇన్నేళ్లు అల్లీ అల్లీ, ఇది కూడా నేనే అల్లుకుని మర్చిపోయానా?

మొన్న శ్రావణికి పరీక్షలు మొదలయ్యాయి. అమ్మ గుడికి వెళ్లింది, సునీత కూరగాయల మార్కెట్‌కు వెళ్లింది. హాల్ టికెట్ పట్టుకుని శ్రావణి బయల్దేరింది. నేను లోపలి గదిలో ఉన్నాను. ఆమె ఫోను అక్కడే చార్జింగ్‌లో మర్చిపోయింది. తీసుకుని హాల్లోకి వచ్చేసరికి ఆమె గడప దగ్గర ఆగి, ఖాళీ హాలు వైపు తిరిగి ఉంది.

"పోయొస్త మామా" అంది మెల్లగా.

ఒక్క క్షణం ఆగింది, అవతలివాళ్లు ఏదో అంటే వింటున్నట్టు. నవ్వింది కూడా. అప్పుడు నన్ను చూసింది.

"ఎవరితోటి మాట్లాడుతున్నవ్ బిడ్డా?"

"ఫోన్‌ల నాన్న, మా ఫ్రెండు" అంది.

ఫోను నా చేతిలో ఉంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. ఏమీ జరగనట్టు నా చేతిలోంచి తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

సముద్రం నుంచి మాతో వచ్చింది ఎవరో నాకు తెలియదు. అసలు ఎవరైనా వచ్చారో లేదో కూడా రుజువు చేయలేను. ఒకటి మాత్రం చెప్పగలను. నేను పుట్టించిన మనిషిని మా ఇంట్లో అందరూ నమ్ముతున్నారు, ఒక్క నన్ను తప్ప.

ఇప్పుడు షాపుకు బయల్దేరేటప్పుడు, ఇంట్లో ఎవరూ లేకపోతే, నేనూ గడప దగ్గర కాసేపు ఆగుతున్నాను. "యాదగిరీ, పోయొస్తరా" అంటాను. చెవులు రిక్కించి నిలబడతాను.

వాడు నాకు ఇంతవరకూ ఒక్కసారి కూడా పలకలేదు.