సాబిర్ కాక గొంగడి

సాబిర్ కాకకు ఒక్కటే పిచ్చి. ఎదురుపడ్డ మనిషినల్లా గొంగడి కిందికి దూర్చేవాడు.

గోదావరిఖనిలో రాళ్ల గదికి ఆయనే దిక్కు. డ్రిల్లింగు వాళ్లు నేల లోపలి నుంచి తీసిన రాళ్లకు చీటీలు అంటించి, పెట్టెల్లో సర్దడం ఆయన ఉద్యోగం. ఆ గదిలో ఊదారంగు అద్దం బిగించిన దీపం ఒకటుండేది. దాని కింద కొన్ని రాళ్లు వెలుగుతాయి, అయితే చుట్టూ చీకటి ఉండాలి. రేకుల షెడ్డులో పట్టపగలు చీకటి ఎక్కడిది? అందుకని నల్ల గొంగడి. పాలమ్మే లస్మవ్వ దగ్గర్నుంచి జీతాల గుమాస్తా దాకా దాని వాసన ఎరగనివాళ్లు కాలనీలో తక్కువే. మే నెలలో కూడా మినహాయింపు లేదు.

అరవై తొమ్మిది ఎండాకాలంలో ఆ వంతు గనిలో పనిచేసే బుచ్చన్నకు వచ్చింది. అప్పటికే బుచ్చన్న ఒక రహస్యం మోస్తున్నాడు. నెల కిందట గనిలో కాలుజారి పడితే టోపీ లైటు పగిలింది. ఎవరో వచ్చేదాకా అరగంట చీకట్లో ఒక్కడే కూర్చున్నాడు. దెబ్బ ఏమీ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి చీకటి పడితే చాలు, ఆరడుగుల మనిషికి భయం పట్టుకునేది. ఇంట్లో దీపం ఆర్పనిచ్చేవాడు కాదు. "మీసాలు చూసి పిల్లనిచ్చిండ్రు, వాళ్లకు ఎరుకైతే ఎట్ల" అని తనమీద తనే నవ్వుకునేవాడు. పైకి మాత్రం మోకాలు నొప్పని దవాఖానలో సెలవు చీటీ రాయించుకున్నాడు. పొద్దున ఎడమకాలు, సాయంత్రం కుడికాలు కుంటేవాడు.

"ఏ కాలో ఒకటి ఖాయం చేసుకో," అంది పెళ్లాం మల్లక్క.

చీటీ గడువు ఇంక పది రోజులుంది. పదకొండో రోజు గనిలోకి దిగకపోతే పేరు కొట్టేస్తారు.

ఆ పది రోజుల్లో మొదటి రోజే సాబిర్ కాక బజార్లో చెయ్యి పట్టుకున్నాడు. "బుచ్చన్నా, జర రా. ఒక రాయికి సాక్షి కావాలె."

"మోకాలు, కాక."

"కూసునే పనే."

గొంగడి కప్పగానే బుచ్చన్నకు చెమటలు పోశాయి. అంతలో దీపం వెలిగింది. కాక అరచేతిలో ఉన్న మామూలు తెల్లరాయి ఎర్రటి నిప్పుకణికలా మారింది.

"ఏంది కాక ఇది?"

"ఈ దీపంల మన కంటికి ఆనని వెలుగుంటది. రాయి దాన్ని మింగి, కంటికి ఆనే వెలుగు చేసి బయటికిస్తది. అన్ని రాళ్లు గాదు. ఇదే రాయి అచ్చంగ ఉంటే ఇట్ల వెలగది. ఇసుమంత వేరేది కలిసుండాలె."

"కల్తీ ఉంటేనే వెలుగుతదా? నాల కల్తీకి తక్కువ లేదు, మరి నేనెందుకు వెలుగుతలేను?"

"కల్తీల గూడ రకాలుంటయి. ఇనుము ఎక్కువైతే వెలుగు సచ్చిపోతది. ఇగ దీపం ఆర్పుత. ఆర్పినంక గూడ రాయి జరసేపు వెలుగుతది. ఎంతసేపో లెక్కపెట్టు. నా కండ్లు ముసలివైనయి."

బుచ్చన్న ఆరు దాకా లెక్కపెట్టి గొంగడి అవతల పడేశాడు. "ఉక్కపోస్తుంది," అన్నాడు. కాక చీటీ మీద ఆరు అని రాసుకున్నాడు.

మర్నాడు, ఆ లెక్క చాలదన్నాడు కాక. ఈసారి పన్నెండు దాకా రాయి కనిపించింది. తర్వాత అంతా నలుపే.

"నాకు కనబడుతుంది. నువ్వు పెట్టు," అన్నాడు కాక.

ముసలి కళ్లకు కనబడేది తన కళ్లకు ఎందుకు కనబడటం లేదని అడగాలని బుచ్చన్నకు తోచలేదు. పిచ్చాయన మనసు నొప్పించడం ఎందుకని ముప్పై దాకా లెక్కపెట్టాడు.

నాలుగో రోజు వాచ్‌మన్ ఎల్లన్న వచ్చి గొంగడి లాగేశాడు. బొగ్గు గనుల ఊళ్లో ఇద్దరు మగవాళ్లు గొంగడి కప్పుకుని కూర్చుంటే అది దొంగతనంగా బీడీ తాగడానికే. ఇద్దరి జేబులూ వెతికాడు, నోళ్లు తెరిపించాడు. దొరికింది రాయి. అనుమానం తీరక దాన్నీ వాసన చూశాడు.

"ఎంతసేపటి సంది ఉన్నరు లోపల?"

"నూట నలభై," అన్నాడు బుచ్చన్న గర్వంగా.

తొమ్మిదో రోజుకు లెక్క మూడొందలకు చేరింది. మధ్యలో ఒకసారి, కమాన్‌పూర్ సంతలో కొన్న మేక తనకంటే ముందే తిరిగి కమాన్‌పూర్ చేరిన కథ చెబుతూ బుచ్చన్న లెక్క మరిచిపోయాడు. కాక మళ్లీ ఒకటి నుంచి పెట్టించాడు. తను పూనుకోకపోతే ఆ పిచ్చాయనకు దిక్కెవరని బుచ్చన్న కాలనీ అంతా చెప్పుకున్నాడు.

పదో రోజు కాక ఇంకా రాలేదు. బుచ్చన్న ఊరికే ఉండలేక రాయిని తిప్పి చూశాడు. అడుగున పాత చీటీ ఉంది. రెండేళ్ల కిందటి తారీఖు, కాక చేతిరాత: 'ఆర్పినంక వెలుగు, లెక్క పన్నెండు.'

కాక రాగానే బుచ్చన్న చీటీ చూపించాడు. "పన్నెండుకే ఆరిపోతదని నీకు ముందే ఎరుక. మూడొందలు ఎందుకు పెట్టించినవు?"

"రాయి లెక్క నాకెరుకే. చీకట్ల నీ లెక్క తెల్వక పెట్టించిన," అన్నాడు కాక గొంగడి దులుపుతూ.

"మల్లక్క చెప్పిందా?"

"పూటకో కాలు కుంటేటోని సంగతి ఒకలు చెప్పాల్నా?"

బుచ్చన్నకు సిగ్గేసింది. ఆ తర్వాత ఆ ముసలాయన మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. మళ్లీ గొంగడి కింద కూర్చున్నాడు.

మర్నాడు మొదటి షిఫ్టులో గనిలోకి దిగాడు. పెదవుల్లోనే లెక్కపెట్టుకుంటూ దిగితే, అడుగుకు చేరేసరికి రెండొందల పది. ఇంకా తొంభై మిగిలాయని ధైర్యంగా పనిలోకి పోయాడు.

వానాకాలంలో పోశం అని కొత్త కుర్రాడు పనిలో చేరాడు. మొదటి షిఫ్టంతా చీకట్లో పక్కవాడి చొక్కా వదల్లేదు, రెండో రోజు పన్ను నొప్పని గని గేటు దగ్గరే ఆగిపోయాడు. బుచ్చన్న వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, జర సాయం చెయ్యాలె. మా సాబిర్ కాక ఉన్నడు, ఉత్త పిచ్చోడు. ఒక రాయికి సాక్షి కావాల్నట."

"పన్ను నొప్పన్నా."

"కూసునే పనే," అన్నాడు బుచ్చన్న.