ఏసీ గదిలో ఉడికిన గులాబీలు

ఒక పెళ్ళికూతురు రెండేళ్ళు పెంచిన గులాబీలను నేను ఒక్క వేలితో, ఒక్క రోజులో చంపేశాను. పురుగుమందు చల్లలేదు, కొడవలి పట్టలేదు. మంచి చేద్దామనే చేశాను. లోకంలోని ముప్పులు సగం అట్లా మంచి చేద్దామని బయలుదేరినవాళ్ళ వల్లే వస్తాయని నా అనుమానం. మీరు నవ్వుకోదలిస్తే నవ్వుకోండి. నేను మాత్రం ఇప్పటికీ పూర్తిగా నవ్వలేను.

అప్పట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వానాకాలపు పుట్టగొడుగుల్లా మొలుస్తున్నాయి. మా ఊరు ముడిమ్యాలలో మా బాపు టమాటాలు పండిస్తుంటే, నేను మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకుని రోజూ మాదాపూర్ పోయి వస్తుండేవాణ్ణి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదువుకు తోడు ఉద్యోగం కూడా దొరికింది కాబట్టి, పోయిన మతి తిరిగి రాకుండా గట్టి ఏర్పాటే జరిగింది.

మా వీధిలో మొదటి ఏసీ మాదే. అదీ అల్లాటప్పాది కాదు. ఎండాకాలం చల్లగాలి, చలికాలం వెచ్చగాలి ఇచ్చే రకం. మొయినాబాద్‌లో వెచ్చగాలి ఎవరికి కావాలని నా భార్య సరిత షాపులోనే అడిగింది. ఉంటే మంచిదే కదా అన్నాను. కొన్న తర్వాత దాని రిమోట్ ఎప్పుడూ సరిత చేతిలోనే ఉండేది. ఇంటికి వచ్చినవాళ్ళను పడకగదిలోకి తీసుకుపోయి ఏసీని చూపించడం నా వంతు.

పక్కిల్లు యాదన్నది. నాకంటే పదేళ్ళు పెద్ద. రెండెకరాల పూలతోట ఉంది. మా ఇల్లు కట్టేటప్పుడు గోడలు తడిపింది ఆయన బోరు నీళ్ళతోనే. ఆయన చెల్లెలు స్వప్న డిగ్రీ చదువుతూనే తోటలో ఒక మూల ఎర్రగులాబీలు తానే నాటి, తానే నీళ్ళు పెట్టి, తానే పురుగు ఏరి పెంచింది. ఆ మాఘమాసంలో ఆమెకు పెళ్ళి కుదిరింది. దండలు తన గులాబీలతోనే కట్టాలని, బజారు పూలు తేవద్దని ముందే చెప్పేసింది. ఆ పిల్ల అడిగిన కోరిక అదొక్కటే.

సరిగ్గా అదే వారం మా కేరళ ప్రయాణం. టికెట్లు ఎప్పుడో తీసుకున్నాం. పెళ్ళికి ఉండలేకపోతున్నానని చెప్పడానికి నసుగుతూ వెళ్తే, "పోయిరా తమ్మీ, దానికేమున్నది" అన్నాడు యాదన్న. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మంచి మాటతో నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఈయనకు ఏదో ఒక మేలు చేస్తే తప్ప రైలెక్కలేననిపించింది.

ఆ మేలు కూడా అక్కడే దొరికింది. గులాబీని సగం విచ్చినప్పుడే కోయాలట. చెట్టుకే వదిలేస్తే పెళ్ళినాటికి పూర్తిగా విచ్చి రేకులు రాలుతాయట. కోసి రెండు రోజులు చల్లగా ఎక్కడ దాచాలో తోచడం లేదని ఆయన అంటుండగానే నా నోరు తెరుచుకుంది. మా పడకగది ఎట్లాగూ ఖాళీ, ఏసీ వేసి వెళ్తాను, పూలన్నీ అందులో పెట్టుకోమన్నాను. యాదన్న దగ్గరికి వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు అట్లాగే ఉంచాడు.

ప్రయాణం రోజున సరిత సామాన్లు సర్దుతుంటే, ఇంటిని సిద్ధం చేసే బాధ్యత నేను తీసుకున్నాను. చేయాల్సిన పనులన్నీ కాగితం మీద రాసుకున్నాను. గీజర్ ఆపాను. కూలర్‌లో మిగిలిన నీళ్ళు వంచేసి, గడ్డి ఎండబెట్టి, పైన దుప్పటి కప్పాను. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి ఉంచాను. ఇక్కడిదాకా ఒక్క తప్పు లేదు, కావాలంటే ఆ కాగితం చూపిస్తాను. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, నా విషయంలో అది చూపుడువేలి మీద కూర్చుంది.

యాదన్న, స్వప్న బకెట్లలో గులాబీలు తెచ్చి గది నిండా వరసగా పెట్టారు. స్వప్న వంగి ఒక్కొక్క బకెట్ చూసుకుంటూ వాడిన ఆకులు తీసేసింది. సరిత అప్పటికే కారులో కూర్చుంది. రిమోట్ మొదటిసారి నా చేతికి చిక్కింది.

దాని తెర మీద మంచుపువ్వు బొమ్మ ఉంది. నొక్కితే సూర్యుడి బొమ్మ వచ్చింది. నేను ఆలోచించాను. నా కర్మ, ఆలోచించాను. దోమల మందు మీద దోమ బొమ్మ ఉంటుంది. ఎలుకల మందు మీద ఎలుక బొమ్మ ఉంటుంది. అంటే ఎవడి బొమ్మ ఉంటే వాడి పని పడుతుందన్నమాట. అట్లాగే సూర్యుడి బొమ్మ ఉన్నది ఎండ పని పట్టడానికి. మంచు బొమ్మ చలి పని పట్టడానికి. కంప్యూటర్లకు బుద్ధి చెప్పే ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, ఇంత చక్కటి తర్కం తప్పవుతుందని ఎట్లా అనుకుంటాను? సూర్యుణ్ణే ఉంచాను. పక్కన అంకె కనిపించింది. ఫ్యాన్ రెగ్యులేటర్‌లో అంకె పెరిగినకొద్దీ గాలి పెరుగుతుంది కదా అని, ముప్పై దగ్గర అది ఇక కదలనని మొరాయించేదాకా నొక్కాను.

"గాలి వస్తలేదేంది తమ్మీ?" అన్నాడు యాదన్న.

"మిషన్ కద అన్నా. లోపల చల్లదనం తయారుచేస్కోవాలె. జర టైమ్ వడ్తది."

ఆయన తల ఊపాడు. చదువుకున్నవాడు చెప్తున్నాడు కదా. కిటికీ సందులకు టేపు అంటించాను. తలుపు మూసి, ఇంటి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, పెళ్ళిరోజు పొద్దుటిదాకా ఈ గది తలుపు తీయొద్దని, తీస్తే చల్లదనమంతా బయటికి పోతుందని గట్టిగా చెప్పాను. రిమోట్ ఎవరైనా నొక్కుతారేమోనని నా సంచిలో వేసుకున్నాను.

మరునాడు పొద్దున రైలు రేణిగుంట చేరబోతుండగా, దువ్వెన కోసం సంచి వెతుకుతున్న సరితకు ఆ రిమోట్ దొరికింది. తెర వంక చూసింది. నా వంక చూసింది. మళ్ళీ తెర వంక చూసింది.

"ఏం నొక్కిన్రు మీరు?"

దోమల మందు దగ్గరినుంచి మొదలుపెట్టి గర్వంగా వివరించాను. ఆమె సగం దాకా విని చెయ్యెత్తి ఆపింది. "అది వెచ్చగాలి" అంది, అంతే.

యాదన్నకు ఫోన్ చేశాను. మూడుసార్లు ఎత్తలేదు, ఇంటి ముందు పందిరి పనిలో ఉన్నాడు. నాలుగోసారి ఎత్తాక, వెంటనే గది తలుపు తీయమన్నాను.

"నువ్వే తీయొద్దంటివి కద?"

"తియ్యే అన్నా, నీకు దండం పెడ్త."

తాళం తీసిన చప్పుడు వినిపించింది. గది తలుపు కిర్రుమంది. ఆ తర్వాత ఆయన రెండుసార్లు గట్టిగా వాసన పీల్చాడు. చివరికి యాదన్న మెల్లగా అన్నాడు.

"గులాబీలు ఉడికినయి తమ్మీ. గదంత గుల్‌కంద్ వాసనొస్తున్నది. దీన్ని బంద్ జేసుడెట్ల?"

ఏసీ పక్కన గోడకున్న స్విచ్ ఆపమన్నాను. ఆ రెండు రోజుల్లో నేను చెప్పిన సరైన మాట అదొక్కటే.

రేణిగుంటలో దిగిపోయాం. దిగుదామన్నది సరితే. ఏ బస్సు దొరికితే ఆ బస్సు పట్టుకుని, పెళ్ళిరోజు తెల్లవారుజామున చేవెళ్ళ రోడ్డులోని ఫంక్షన్ హాల్‌కు చేరేసరికి, హాలు వెనక యాదన్న బంధువులంతా కూర్చుని దండలు గుచ్చుతున్నారు. అన్నీ బంతులు, చేమంతులు. ముందురోజంతా యాదన్న బండి మీద తోటతోటకూ తిరిగి షాబాద్ దాకా పోయి అడిగి తెచ్చాడట. నన్ను చూడగానే పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సూది, దారం నా చేతిలో పెట్టాడు. నేను గుచ్చిన దండ పెళ్ళికొడుకు మెడకు కాదు కదా, కారు ముందు కట్టడానికి కూడా పనికిరాలేదు. అయినా ముహూర్తం దాకా గుచ్చుతూనే ఉన్నాను.

స్వప్న దగ్గరికి పోయి తల వంచుకుని నిలబడ్డాను.

"తెలిసి జేసినవా అన్నా, పోనీ" అంది ఆమె. పసుపు చీర కొంగు సర్దుకుంటూ, "ఎర్రవి ఒక్కటన్న పెట్టుకుంట అనుకున్న" అంది.

ఆ రెండో మాట నాతో అన్నది కాదు, తనలో తాను అనుకున్నది. అందుకే అది ఇన్నేళ్ళయినా నా చెవిలోంచి పోలేదు.

పెళ్ళి బాగానే జరిగింది. అప్పగింతలప్పుడు యాదన్న ఏడుస్తున్నాడు, వాళ్ళమ్మ ఏడుస్తోంది, నేను అందరికంటే ఎక్కువ ఏడుస్తున్నాను. స్వప్న అందరి కాళ్ళకూ మొక్కుతూ నా దగ్గరికి వచ్చింది. కళ్ళు తుడుచుకుంది.

"మా అత్తగారింట్ల గూడ ఏసీ ఉన్నదట అన్నా. చూడనీకె రా. చెయ్యి మాత్రం వెట్టకు."

యాదన్న ఏడుపు మధ్యలోనే నవ్వేశాడు. ఆ నవ్వుతో నాకు సగం శిక్ష తగ్గింది. మిగిలిన సగం నేనే ఉంచుకున్నాను.

అందుచేత పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఊరెళ్ళేటప్పుడు ఇంటిని చల్లబరచను, వెచ్చబరచను, మరే విధంగానూ బాగుపరచను. తాళం మాత్రం వేస్తాను. అదీ సరిత వేస్తుంటే పక్కన నిలబడి చూస్తాను.