ఎదురుకాళ్ళ పిల్ల

మొన్న తడిబట్టల బకెట్ ఎత్తబోయి నడుం పట్టేస్తే, మా కోడలు నన్ను పటమటలో మా వీధి చివర ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్‌కి తీసుకెళ్ళింది. అక్కడి అమ్మాయి, నొప్పి కాల్లోకి దిగుతోందా, తిమ్మిరి ఉందా అని వరసగా అడుగుతూ, "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా మామ్మగారూ?" అంది. ఆ పిల్లకి అది రోజూ అడిగే ప్రశ్నే. నాకు మాత్రం మా అమ్మ గుర్తొచ్చింది.

డెబ్బైలలో పామర్రు దగ్గర మా పల్లెలో నాట్లు పడ్డాయంటే ఇంటింటా నడుం నొప్పులే. మన తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు, పొద్దంతా వంగి నాటు వేసిన మనిషి సాయంత్రం నిటారుగా నిలబడాలంటే గోడ పట్టుకోవాల్సిందే. దానికి వేణ్ణీళ్ళు, కర్పూరం వేసి కాచిన నూనె, కాస్త నిద్ర చాలు; నాట్లు ముగిశాక ఆ నొప్పుల సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు. మరీ పట్టేసిన నడుములకి మాత్రం నేనుండేదాన్ని. నేను ఎదురుకాళ్ళతో పుట్టానట, అంటే తల కంటే ముందు కాళ్ళు బయటికొచ్చాయట. అలాంటివాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. మా చర్చివాళ్ళూ, గుడికెళ్ళేవాళ్ళూ అని లేదు, అందరూ నాకోసమే కబురు పెట్టేవాళ్ళు. పదేళ్ళ పిల్లకి ఊళ్ళో అంత గిరాకీ ఉంటే ఆ గర్వం సామాన్యంగా ఉంటుందా!

ఆ ఏడు మా అమ్మకే నడుం పట్టేసింది. నేను తొక్కితే తేలిగ్గా ఉందంది. కానీ నాట్లయిపోయినా ఆ నొప్పి పోలేదు సరికదా, తొడ వెనకనుంచి పిక్కలోకి దిగింది, దగ్గితే చాలు ప్రాణం లాగేసేదట. నాయనమ్మ నాచేత మళ్ళీ తొక్కించింది. ఆదివారం చర్చినుంచి వస్తుంటే అమ్మ కాలి చెప్పు దారిలో జారిపోయింది. ఆ సంగతి తనకి తెలియనే లేదు, ఒంటిచెప్పుతో నడుస్తూనే ఉంది. నేను పరిగెత్తి తెచ్చిస్తే నవ్వేసింది. నాన్న మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రం నాయనమ్మ చాప పరిచి అమ్మని బోర్లా పడుకోబెట్టింది. తొక్కేముందు అమ్మ అరికాలు గోకడం నా అలవాటు. కితకితలకి కాలు చటుక్కున లాక్కుని నన్ను తిట్టేది, అది మా ఇద్దరి ఆట. ఆరోజూ గోకాను. కాలు కదల్లేదు. గోరు దిగేలా గోకాను. అమ్మేమో నేనింకా ఎక్కలేదేమని విసుక్కుంటోంది. నేను తొక్కనుగాక తొక్కనన్నాను.

"ఎక్కవే, నాలుగు తొక్కులు తొక్కితే రేపీపాటికి లేచి తిరుగుద్ది మీ అమ్మ" అని నాయనమ్మ కసిరింది. నేను గోడకి అతుక్కుపోయి, అమ్మకి కితకితలు తెలియట్లేదని ఏడ్చాను. నాన్న వచ్చి, అమ్మ బొటనవేలు తాకి పైకెత్తమన్నాడు. ఎత్తుతూనే ఉన్నానంది అమ్మ. వేలు లేవలేదు.

తెల్లవారగానే బస్సెక్కి, బెజవాడలో మా అత్త నర్సుగా ఉన్న ఆస్పత్రికి వెళ్ళాం. బస్సు కుదిపినప్పుడల్లా అమ్మ పళ్ళు బిగపట్టేది, నేను ఆ కాలివంకే చూస్తూ కూర్చున్నాను. ఇది కండరాల నొప్పి కాదు, వెన్నులో నరం నలిగిపోతోంది, ఇంకోసారి తొక్కి ఉంటే ఏమయ్యేదో, కాలు మళ్ళీ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నారు డాక్టరుగారు. విశ్రాంతికి తగ్గే నొప్పిని ఓర్చుకో వదినా, కాల్లో స్పర్శనీ బలాన్నీ తీసుకుపోయేదాన్ని ఓర్చుకోవద్దు అని అత్త కోప్పడి, తనే ఏడ్చేసింది.

చాలాకాలం అమ్మ ఆ ఆస్పత్రిలోనే బల్లమీద వెల్లకిలా పడుకునే ఉంది. తర్వాత రోజూ కసరత్తులు చేయించే ఒకావిడ వచ్చి కాలు ఎత్తించి, మడిపించి, వేళ్ళు కదపమని సతాయించేది. ఆవిడ వెళ్ళాక నేను సతాయించేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆ బొటనవేలు రవ్వంత లేచింది. నాన్న వరండాలోకి వెళ్ళి మొహం తుడుచుకోవడం చూశాను. అమ్మ నడిచింది, అయితే మళ్ళీ ఎప్పుడూ నాటు వెయ్యలేదు. మళ్ళీ నన్నెవరు తొక్కమన్నా నేనూ వెళ్ళలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో నాట్లు మిషన్లు వేస్తున్నాయి, నడుం పట్టేస్తే వీధి చివరే క్లినిక్ ఉంది. అంతా మంచికే. అయినా, చేలోంచి వచ్చి ఒకరి నడుముకొకరు నూనె రాసుకుంటూ నవ్వుకునే ఆ ఆడవాళ్ళు లేని సాయంత్రాలు నాకు వెలితిగానే ఉంటాయి.

ఆ అమ్మాయి నన్ను కళ్ళు మూసుకోమని, దూదితో అరికాలు తాకింది. చటుక్కున కాలు లాక్కున్నాను. "కితకితలా మామ్మగారూ?" అని నవ్వుతూ, భయమేం లేదు, మామూలు పట్టే అంది. నేనూ నవ్వబోయాను కానీ, కాలు లాక్కోగానే తిట్టే మనిషి లేదని గుర్తొచ్చి కళ్ళు తెరవలేకపోయాను.